మామ ఎదుట మింగిన కొబ్బరి నూనె

చావు వాసన ఎట్లా ఉంటుందో చాలామందికి తెలియదు. నాకు తెలుసు. కొబ్బరి నూనె వాసన ఉంటుంది. తొంభైల్లో ఒక చలికాలం పొద్దున, గద్వాలలో మా ఇంటి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, దాన్ని నా నోటితో నేనే మింగాను. ఆ ఒక్క గుక్కతో పెళ్ళి పోయింది, పరువు పోయింది, ప్రాణం కూడా సాయంత్రంలోగా పోతుందని ఖాయం చేసుకున్నాను. ఈ మూడింటిలో నిజంగా ఏది పోయిందో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. చదవకపోయినా నష్టం లేదు. మా ఆవిడ మీకు ఎక్కడో ఒకచోట తారసపడి చెప్పే తీరుతుంది.

మేము నేతవాళ్ళం. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచులు పట్టు. నూలుకూ పట్టుకూ పుట్టుకతోనే పడదు కాబట్టి రెండూ కలిసే చోట పోగుపోగునూ మెలివేసి నేయాలి. లేకపోతే అంచు ఒక దారి, చీర ఒక దారి అవుతాయి. ఒక్కడి చేతులతో అయ్యే పని కాదు. గుంటలో కూర్చున్నవాడు నేస్తుంటే, పక్కన ఇంకొకరు కూర్చుని అవతలి అంచుకు నాడె వేయాలి. నాడె అంటే దారాన్ని కడుపులో పెట్టుకుని అటూ ఇటూ పరుగెత్తే చిన్న కొయ్య పడవ. గుంటలో ఉన్నవాడు సమయం చూసి "వెయ్" అంటాడు, పక్కవాడు వేస్తాడు. ఆ మాట పడకపోతే మెలిక పడదు.

ఇక మా నాయన సంగతి. పట్టు మీద నూనె చుక్క పడితే ఆ మరక చీర చిరిగేదాకా పోదు. అందుకని నాయన లెక్కలో నూనె అనేది మనుషులు వాడే వస్తువే కాదు. మేము తలకు నూనె రాసుకునేది మగ్గం ఆగిన రోజునే. మిర్చి బజ్జీ తిని వస్తే చేతులు సబ్బుతో కడుక్కున్నా సరే, ముందు వాసన చూసి గానీ మగ్గం గది గడప దాటనిచ్చేవాడు కాదు. ఆ గదిలో ఒక్క తప్పు పోగు కనిపించినా జానెడు నేత విప్పించేవాడు. మెచ్చుకోలు మాట ఆయన నోట నేను వినలేదు. తిట్టకుండా ఊరుకుంటే అదే బహుమానం.

మా ఇళ్ళలో పిల్లవాడు పిల్లను చూడడానికి పోవడం తర్వాతి మాట. ముందు పిల్ల తండ్రి వచ్చి పిల్లవాణ్ణి మగ్గం మీద చూస్తాడు. ఆస్తి అడగడు, చదువు అడగడు. పక్కన కూర్చుని నాడె అందుకుంటాడు. కాసేపు కలిసి నేస్తూ మాట్లాడిస్తాడు. చెయ్యీ నోరూ ఒకదానికొకటి అడ్డం రాకుండా ఆడుతున్నాయా లేదా అన్నది పరీక్ష. ఇందులో ఒక మర్యాద ఉంది. పెద్దమనిషి మగ్గం మీద చెయ్యి పెట్టిన తర్వాత పిల్లవాడు ముందుగా లేవకూడదు. లేచాడంటే "మీ పిల్ల నాకొద్దు" అని చెప్పినట్టే. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, నన్ను చంపింది ఇదే.

నన్ను చూడడానికి రావలసినవాడు రాజోలి వెంకటయ్య మామ. ఆయన కూతురు పద్మ. పెద్దమందడిలో ఎవరిదో పెళ్ళిలో ఆమె వడ్డిస్తుంటే చూశాను. అప్పట్లో నేను మాట్లాడడం మొదలుపెడితే నాడెలో దారపు కండె అయిపోయేదాకా ఆగని రకం. విస్తట్లో పప్పు వేయించుకుంటూ రంగుల అద్దకం గురించి మొదలుపెట్టి పెరుగు వచ్చేదాకా చెప్పాను. ఆమె గరిట పట్టుకుని నిలబడి మొత్తం విన్నది. ఆఖరున "నువ్వు ఊపిరి ఎప్పుడు తీసుకుంటవ్?" అని అడిగి నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది. చేసుకుంటే ఈమెనే చేసుకోవాలి, లేకపోతే మగ్గానికి అంకితమై సన్నాసిగా ఉండిపోవాలి అని తీర్మానించుకున్నాను. సన్నాసులకు పట్టు చీరలతో ఏం పని అన్న ప్రశ్న అప్పుడు తోచలేదు.

మామ వచ్చే రోజు దగ్గర పడుతుండగా నా వెనక పన్ను పుచ్చింది. దవడ ఒక పక్క ఉబ్బింది. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినవాడి గురించి విన్నాం గానీ, నేను పుచ్చుపన్నును దవడన పెట్టుకుని తయారయ్యాను. నోటి వాసనకు మా ఇంటి మేక కూడా తల తిప్పుకునేది. పీకించుకోమని అమ్మ ఒకటే పోరు. పటకారు పేరు వింటేనే నాకు కళ్ళు తిరిగేవి. ఈ దవడతో, ఈ వాసనతో మామ పక్కన కూర్చుని మాట్లాడాలి. రాత్రీ పగలూ అదే దిగులు, ముద్ద దిగేది కాదు.

అప్పుడు వచ్చాడు నర్సిములు. మా మేనత్త కొడుకు. వనపర్తిలో చదువుకుంటున్నాడు, అంటే వనపర్తిలో ఉంటున్నాడు. ఆ రోజుల్లో నూనె పుక్కిలిస్తే సకల రోగాలూ పోతాయన్న మాట ఊరూరా తిరుగుతుండేది. బస్సులో ఒకరు, హోటల్లో ఒకరు, ప్రతివాడికీ పిన్నమ్మ మోకాళ్ళు నయమైన కథ ఒకటి ఉండేది. నర్సిములు దాన్నంతా చెవుల్లో నింపుకుని వచ్చి, నా దవడను చూసి, రోగి దొరికిన సంతోషంతో పక్కన కూర్చున్నాడు.

"పొద్దుగాల పరిగడుపున ఒక గుక్క కొబ్బరి నూనె నోట్ల పోసుకో. బట్టలు జాడిచ్చినట్టు నోట్లనే జాడియ్యాలె. ఒంట్ల ఉన్న విషమంత ఆ నూనెలకు దిగుతది. చిక్కటిది పలుచగ అయితది, తెల్లగ అయితది. అప్పుడు ఉమ్మెయ్యాలె."

"మింగితే?"

నర్సిములు గొంతు తగ్గించాడు. "ఒంట్ల ఉన్న విషమంత ఒక్క గుక్కల ఉంటదని చెప్తున్న గద బావా. మింగితే ఏమయితదో ఇంక నువ్వే అనుకో."

నేను అనుకున్నాను. ఆ అనుకోవడంలోనే నా నాశనమంతా ఉంది.

మీరు నవ్వకండి. మా పాలమూరులో నెత్తికి కొబ్బరి నూనె, కడుపుకు పల్లి నూనె. కొబ్బరి నూనె ముక్కు దాటి కిందికి దిగడం మా వంశంలో ఎవరూ ఎరగరు. అలాంటిదాన్ని మింగితే చస్తారని ఎవరు చెప్పినా నమ్మేవాణ్ణే. పుక్కిలిస్తే బతుకుతారంటే కూడా నమ్మాను. నమ్మకానికి నా దగ్గర ఎప్పుడూ కొరత లేదు.

మొదటి రోజు సీసాలో నూనె గడ్డకట్టి ఉంది. చలికాలం కదా. ఎండలో పెడితే అమ్మ చూస్తుందని పుల్లతో గీకి ఒక ముద్ద నోట్లో వేసుకున్నాను. కాసేపు కొవ్వొత్తి నమిలినట్టు ఉండి, తర్వాత కరిగింది. రెండు మూడు పొద్దులకు నొప్పి తగ్గినట్టు అనిపించింది. నిజంగా తగ్గిందో, పన్ను కూడా ఆ రుచికి నిర్ఘాంతపోయి ఊరుకుందో చెప్పలేను.

చిక్కంతా ఎక్కడ పుక్కిలించాలన్నదే. చేతులు ఖాళీగా పెట్టుకుని పొద్దున్నే వాకిట్లో కూర్చుంటే నాయన ఊరుకోడు. అందుకని ఎవరికీ తెలియకుండా నోట్లో నూనె పోసుకుని, తిన్నగా పోయి మగ్గం గుంటలో కూర్చుని నేస్తూ పుక్కిలించడం మొదలుపెట్టాను. చదివారా? నూనె చెయ్యి గడప దాటనివ్వని ఇంట్లో, గుక్కెడు నూనెను మూతిలో మూటగట్టుకుని పట్టు ముందు కూర్చున్నాను. ఆ రోజుల్లో పక్కన నాడె వేసేది నాయనే. ఆయనకు నా మౌనం మహా బాగా నచ్చింది. "వెయ్" అనకుండా తల ఊపినా పట్టించుకోలేదు, ఆయన చేతులకు మాట అక్కర్లేదు. పిల్లగానికి ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చింది, నోరు మూసుకొని నేస్తుండు అని అమ్మతో చెప్పాడట. అమ్మ మాత్రం నాకు ఏదో గాలి సోకిందని మిరపకాయలు దిగదీసింది. నేను పని మధ్యలో లేచి, పెరట్లో మోరీ దగ్గర ఉమ్మి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చునేవాణ్ణి.

వెంకటయ్య మామ మధ్యాహ్నం బస్సుకు వస్తానని కబురు పెట్టాడు. ఆ పొద్దున నేను మామూలుకన్నా పెద్ద గుక్క పోసుకున్నాను. మామ వచ్చేలోగా విషం చివరి బొట్టుదాకా దిగిపోవాలని నా ఆశ. మగ్గం మీద అమ్మకానికి నేస్తున్న పెళ్ళి చీర ఉంది, ఎరుపు పట్టు అంచుకు జరీ పని. నాయన పెరట్లో స్నానం చేస్తున్నాడు. నర్సిములు, సంబంధం కుదిరే ముచ్చట చూద్దామని ముందు రోజే వచ్చి, అరుగు మీద దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. నేను గుంటలో కూర్చుని అప్పుడే జాడించడం మొదలుపెట్టాను. తలుపు దగ్గర దగ్గు వినిపించింది. తల ఎత్తితే వెంకటయ్య మామ.

చెప్పి వస్తే ఎవడి చెయ్యి అయినా బాగానే ఆడుతుందని, ఆయన కావాలని మొదటి బస్సుకు వచ్చాడట. చెప్పులు విప్పి, తిన్నగా వచ్చి, నాయన కూర్చునే పీట మీద కూర్చుని, మగ్గం మీద చెయ్యి పెట్టాడు. అంతే. నేను ఇక లేవడానికి లేదు.

"ఏం పిల్లగా, మంచిగున్నవా?"

తల ఊపాను. నాయన ఏడని అడిగాడు. గడ్డంతో పెరటి వైపు చూపించాను. అమ్మ ఏదని అడిగాడు. గడ్డంతో వంటింటి వైపు చూపించాను. అరుగు మీద పండుకున్నది ఎవరని అడిగాడు. గడ్డంతో మేనత్త కొడుకని చెప్పడం ఎట్లాగో నాకు ఈనాటికీ తెలియదు. ఆయన నాడె తీసుకుని కానియ్యమన్నాడు.

నేయడం మొదలుపెట్టాం. "వెయ్" అనాల్సిన చోట నేను తల ఊపాను. ఆయన నా తల చూడడం లేదు, చేతులు చూస్తున్నాడు. మాట కోసం కాచుకుని కూర్చున్నాడు. మాట రాలేదు. నాడె రాలేదు. మెలిక పడలేదు. మళ్ళీ తల ఊపాను, మళ్ళీ అంతే. ఎర్ర పట్టుకూ నూలుకూ మధ్య సందు నా కళ్ళ ముందే తెరుచుకుంటూ పోతోంది. నా చేతులు మాత్రం ఆగలేదు. ఆపితే ఎందుకు ఆపావని అడుగుతాడని భయం.

నూలు ఎక్కడ తెస్తున్నారని అడిగాడు. తెగని పోగు తెగినట్టు వంగి ముడి వేయబోయాను. "తెగలే గద?" అన్నాడు. నిజమే, తెగలేదు. నేనే తెంపి ముడి వేశాను.

"నా బిడ్డను పెద్దమందడిల చూసినవంట. నచ్చిందా?"

ఆ ప్రశ్న కోసం నేను ఎన్ని మాటలు దాచిపెట్టుకున్నానో ఆ దేవుడికే తెలుసు. ముక్కులోంచి "ఊఁ" అని ఒక మూలుగు వచ్చింది.

"ఊఁ అంటే ఏంది? నచ్చిందనా, పర్వాలేదనా?"

"ఊఁ ఊఁ."

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఇటువంటి మూలుగు దేనికి అంగీకారమో శాస్త్రాల్లో ఎక్కడా రాయలేదు. మామ ముఖంలో మొదటిసారి అనుమానం కనిపించింది.

"హౌదా," అన్నాడు, అట్లాగా అని. రాజోలి వైపు వాళ్ళ మాటల్లో కన్నడం కొంచెం దొర్లుతుంది. "నువ్వు మస్తు మాట్లాడుతవని పద్మ చెప్పె గద. గదే చెప్పి ఇంట్ల ఒకటే నవ్వుతుండె. గిట్ల మూగోనివని తెల్వదు."

అంటే ఆమె నన్ను తలుచుకుంది. ఇంట్లో చెప్పుకుంది. తలుచుకుని నవ్వింది. జీవితంలో ఇంత మంచి వార్త నేను మళ్ళీ వినలేదు, దాన్ని విన్నప్పుడు నా నోరు నూనె జాడీ. ఏడుపు వచ్చింది. ఏడిస్తే పెదవులు విడతాయని అదీ మింగుకున్నాను, అంటే ఏడుపును. నూనె ఇంకా అక్కడే ఉంది. పుక్కిలించకపోయినా తనంతట తానే పలచబడుతోంది, పెరుగుతోంది. విషం దిగుతున్నట్టే ఉంది.

పక్కన మామ, కింద గుంట. ఎటూ పోయే దారి లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు, మింగితే నాకు చావు, ఉమ్మితే పట్టుకు చావు. ఇంతలో అమ్మ రెండు గ్లాసుల చాయ్ తెచ్చింది. నా ప్రాణం లేచి వచ్చింది. తాగుతున్నట్టు నటించి గ్లాసులోకి వదిలేయవచ్చు. చెయ్యి చాపాను కూడా. మామ అడ్డం పట్టాడు. మగ్గం కాడ చాయ్ ఎందుకమ్మా, పట్టు మీద ఒలుకుతది, లేచినంక తాగుతం అన్నాడు. మా నాయన కూడా ఇంతకన్నా బాగా చెప్పలేడు. అమ్మ మురిసిపోయి నా ఆఖరి ఆశను పళ్ళెంలో పెట్టుకుని తీసుకుపోయింది.

అప్పుడు పట్టు నూగు ఒకటి గాలిలో తేలుతూ వచ్చి నా ముక్కులో దూరింది.

తుమ్ము రాబోతోంది. నా ముందు ఎర్ర పట్టు, దాని మీద జరీ, మూడు వారాలుగా నాయనా నేనూ వంచిన నడుములు. తుమ్మితే ఆ నూనెంతా ఎక్కడ పడుతుందో స్పష్టంగా కనిపించింది. పక్కకు తిరుగుదామంటే పక్కన మామ తెల్ల చొక్కా. అమ్మను తలుచుకున్నాను. పద్మను తలుచుకున్నాను. కళ్ళు మూసుకుని గుటక వేశాను. నూనె గొంతు దిగింది. తుమ్ము ఒట్టి గాలిగా వచ్చిపోయింది. పట్టు మీద చుక్క పడలేదు.

నోరు ఖాళీ అయింది. ఇంతసేపూ దాచుకున్న మాటల్లో ముందుగా బయటికి వచ్చింది ఇది:

"మామా, పద్మకు వేరే సంబంధం చూడుండ్రి. నేను సచ్చిపోతున్న."

మామ నాడె కింద పెట్టలేదు. "హౌదా? ఎప్పుడు?" అని అడిగాడు.

"ఇయ్యాలనే."

తర్వాత మొత్తం చెప్పాను. పన్ను, నర్సిములు, నూనె, విషం, తుమ్ము. నా అరుపుకు అమ్మ వచ్చి గోడకు జారగిలబడింది. నాయన తడి తువ్వాలుతోనే పరుగెత్తుకొచ్చాడు. కొడుకు విషం మింగాడన్నది సగమే విన్నాడు, నూనె అన్న మాట పూర్తిగా విన్నాడు.

"నూనెనా? పట్టు మీద పడ్డదా?"

"పడలే నాయనా. మింగిన."

అయినా ఆయన పట్టు మీద అరచెయ్యి ఆనించి చూసి, ఆ తర్వాతే నన్ను చూశాడు. మా నాయనది రాతి గుండె అనుకోకండి. నన్ను చూసిన తర్వాత ఆ గోడకే ఆయన కూడా జారగిలబడ్డాడు.

నర్సిములును దుప్పటిలోంచి లాగి, మింగితే విరుగుడు ఏమిటని అందరూ మీద పడ్డారు. వాడు నా ముఖం చూసి తెల్లబోయాడు. మింగినోళ్ళు ఎవరూ లేరని, తనకు తెలిసినవాళ్ళంతా ఉమ్మినవాళ్ళేనని ఏడుపు గొంతుతో చెప్పాడు. దాంతో నా చావుకు వనపర్తి ముద్ర కూడా పడింది. అమ్మ చింతపండు రసంలో ఉప్పు కలిపి తాగించింది. వాంతి కాలేదు. మజ్జిగ తాగించింది. పక్కింటి ముసలమ్మ వచ్చి, నూనె విషాన్ని నూనెతోనే తియ్యాలని గిన్నెడు ఆముదం పట్టించింది. చావబోయేవాడికి ఎదురు చెప్పే ఓపిక ఎక్కడిది, ఇచ్చినవన్నీ తాగాను.

రిక్షాలో దవాఖానకు బయలుదేరాం. ఒక పక్క నాయన, ఒక పక్క నన్ను పట్టుకుని వెంకటయ్య మామ. దారి పొడుగునా నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఆఖరి మాటలు కదా, దాచుకుని ఏం చేసుకోను. పద్మ గరిట ఎట్లా పట్టుకుందో చెప్పాను. ఆమెకు ఎరుపు కన్నా చిలకాకుపచ్చ బాగుంటుందని చెప్పాను. మగ్గం తాడు ఒకటి పాతబడిందని, నేను పోయిన తర్వాత మార్చమని నాయనకు చెప్పాను. చీర అంచులో సందు పడింది, నా మూలంగానే పడింది, మామ చేతి తప్పేమీ లేదని ఒప్పుకున్నాను. నాయన కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

దవాఖానలో ఒక మలయాళం సిస్టరమ్మ ఉండేది. పురుగుల మందు తాగిన రైతులను చూసి చూసి ఆమె చేతులు వాటంతటవే గొట్టం సిద్ధం చేస్తున్నాయి.

"ఏమి తాగినాడు? ఎండ్రిన్?"

"కాదు సిస్టరమ్మా. కొబ్బరి నూనె."

ఆమె గొట్టం కింద పెట్టింది. ఎంత అని అడిగింది. ఒక గుక్క అని నాయన చెప్పాడు.

"మా ఇంట్లో చేపల కూరకి ఇంకా ఎక్కువ పోస్తాము," అంది. "మా అమ్మమ్మ పుట్టినప్పటి నుంచి తింటుంది. ఇంకా చావలేదు."

నాకు ఒళ్ళు మండింది. ఇంత కష్టపడి చావడానికి వస్తే తేలిక చేస్తుందేమిటి? ఇది కూరలో పోసే నూనె కాదని, నా ఒంట్లో విషమంతా దీనిలోకి దిగి తెల్లబడిందని వాదించాను. తెల్లబడింది విషంతో కాదు, నీ ఉమ్ముతో అంది ఆమె. నూనె, ఉమ్ము కలిపి గిలకొడితే ఎవరి నోట్లోనైనా తెల్లగానే అవుతుందట. ఉమ్మితే మోరీలోకి పోయేది, మింగితే కడుపులోకి పోయింది, అంతే తేడా అంది. తర్వాత నోరు తెరవమని దీపం పెట్టి చూసి, ఈ పన్ను ఏ నూనెకూ బాగుపడదు, పీకాలి అంది. ఆఖరున, ఇంట్లో ఇంకేమైనా ఇచ్చారా అని అడిగింది. అమ్మ ఇచ్చినవన్నీ నాయన వరసగా చెప్పాడు. చింతపండు, ఉప్పు, మజ్జిగ. ఆముదం అనగానే ఆమె ముఖం మొదటిసారి మారింది.

"చావు రాదు," అంది. "ఇంటికి తొందరగా వెళ్ళండి."

ఎందుకు తొందరో రిక్షా సగం దారికి వచ్చేసరికి తెలిసింది. మిగతా సగం నేను రిక్షా కన్నా ముందు పరుగెత్తాను. తర్వాత ఆ రోజంతా చెంబు నా చేతిలోంచి దిగలేదు. బతికానన్న సంతోషం కూడా లేదు. చచ్చి ఉంటే పద్మ కొన్నాళ్ళయినా జాలిపడేది. ఇప్పుడు రాజోలి అంతా చెప్పుకుంటారు, నూనె తాగి, చస్తానని చెప్పి, చావక, చెంబు పట్టుకుని పరుగెత్తినవాడి కథ. పోయిన పరువు ముందు ఆ చెంబు ఏపాటి బరువు.

ఒకసారి అట్లా వెనక్కి వస్తూ పెరటి గోడ దగ్గర ఆగాను. లోపల మామ గొంతు వినిపించింది. బస్సుకు పోయే ముందు సంబంధం వద్దని చెబుతున్నాడనుకుని గోడకు చెవి ఆనించాను.

"బావా, నీ కొడుకుకు తెలివి తక్కువ. దాంట్ల నాకు అనుమానం లేదు," అన్నాడు మామ. "గానీ విషమని అనుకొని మింగిండు. పట్టు మీద మాత్రం ఉమ్మలే. ఇంక నేను చూడాల్సింది ఏముంది?"

లోపలికి పోయి ఆయన కాళ్ళ మీద పడదామనుకున్నాను. కానీ ఆముదం ఒప్పుకోలేదు. నేను మళ్ళీ చెంబు తీసుకుని పరుగెత్తాను. తాంబూలాలు పుచ్చుకున్నప్పుడు, బెల్లం ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడు, నా పెళ్ళి ఖాయమైనప్పుడు, నేను ఊరి బయట తుమ్మచెట్ల మధ్య ఉన్నాను.

మర్నాడే పన్ను పీకించుకున్నాను. ఒకసారి చచ్చినవాడికి పటకారంటే భయం ఉండదు. వచ్చి మగ్గం మీద కూర్చుని, సందు పడిన చోటు విప్పబోయాను. ఒక్క తప్పు పోగుకు జానెడు విప్పించే మనిషి కదా మా నాయన. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనియ్. గది నీ పెండ్లానికి," అన్నాడు.

ఆ చీర అమ్మలేదు. పెళ్ళిలో పద్మ అదే కట్టుకుంది. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా పెట్టె తీసి, ఎర్ర అంచు వెతికి, నూలూ పట్టూ కలవని ఆ సందు మీద బొటనవేలు ఆనిస్తుంది. సరిగ్గా ఆమె వేలంత ఉంటుంది. "గీడ మింగిండు," అని చెప్పి, పెద్దమందడిలో నవ్వినట్టే నవ్వుతుంది. ఇక నేను మాట్లాడడం మొదలుపెట్టి మరీ ఊపిరి మరిచిపోయినప్పుడు, ఆమె ఏమీ అనదు. లోపలి నుంచి కొబ్బరి నూనె సీసా తెచ్చి నా ముందు పెడుతుంది.

కాబట్టి ఉన్న పండ్ల మీదా, దవాఖానలో వదిలేసిన ఆ ఒక్క పన్ను మీదా ఒట్టేసి చెబుతున్నాను. ఇక మీదట కొబ్బరి నూనెను నెత్తి దాటి కిందికి దిగనివ్వను. చదువుకుంటున్నవాడి మాట, వాడు నిజంగా చదువుకుంటున్నాడని తెలిసేదాకా నమ్మను. రాజోలి నుంచి వచ్చే మొదటి బస్సు వెళ్ళిపోయేదాకా నోట్లో నీళ్ళు కూడా పోసుకోను. ఇంకా చాలా ఒట్లు ఉన్నాయి గానీ, సీసా వచ్చింది.